టీచరమ్మ పాలు

మొన్న కార్ఖానా బజారులో మందులు కొనుక్కొని వస్తుంటే, దాణా అమ్మే దుకాణం ముందు ఒక బస్తా చినిగి పల్లీ చెక్క రోడ్డు మీద పడి ఉంది. పొద్దున కురిసిన జల్లుకు నాని, ఆ పుల్లటి నూనె వాసన గుప్పున తగిలింది. ఆటో అతను ఎక్కమని రెండుసార్లు పిలిచినా నాకు కదలబుద్ధి కాలేదు. నర్సవ్వ చేతులకు ఎప్పుడూ ఆ వాసనే. ఆమెను ఎరగనివారికి చెప్పాలంటే ముందు దాన్నే చెప్పాలి. ఆమె కన్నా ముందు మా గుమ్మంలోకి వచ్చేది అదే.

నేను లెక్కల టీచరుగా రిటైరై యాప్రాల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు మా గోడ పక్కనే నర్సవ్వ బర్రెల కొట్టం. అప్పటికి యాప్రాల్ కొంత ఊరు, కొంత కాలనీ. మొదటి రోజు ఆమె లీటరు పాలు పోసి, పైన ఇంత కొసరు పోసింది. నేను కొలగ్లాసు తెచ్చి, ఆ కొసరు ఎంతో చూసి నెలాఖరున కలుపుకోమన్నాను. ఆమె గ్లాసును వెలుగుకెత్తి చూసింది. "కొసరును సుత కొలుస్తవా టీచరమ్మా? కొలిస్తే గది కొసరెట్లయితది?" ఏళ్ల తరబడి పిల్లలకు జవాబులు చెప్పినదాన్ని, ఆ రోజంతా చిరాకుగా ఉన్నాను.

ఆ చలికాలంలో ఒక బర్రె ఈని చనిపోయింది. పుట్టిన ఆడదూడ, ఆ దుడ్డె కూడా దక్కదన్నారు. నర్సవ్వకు మిగతావాటితోనే తీరిక లేదు, మా ఇంట్లో చోటుకు కొదవ లేదు. గోనెపట్ట కప్పి వంటింట్లో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టాను. ఒక్క వేళ కూడా తప్పించలేదు, నాకు చేతనైన విద్య అదొక్కటే. అది లేచి నా చీర కొంగు నమిలిన రోజు నర్సవ్వ వచ్చి, దాని మెడ నిమిరి, ఇందులో సగం నీ పాలు అంది. ఇది ఇంకా దుడ్డె కదా, పాలెక్కడివి అని అడిగాను. ఆమె నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది. తాగే పాలు కాదట, వాటా. ఆ కొట్టంలో చాలా బర్రెలు అలాంటివే. కిరాణా యాదగిరి ఒక దూడను కొనిచ్చాడు, బట్టలు కుట్టే జరీనా ఇంకొకటి. పెంచేది నర్సవ్వ. పాడీ, పుట్టే దూడలూ చెరిసగం. దీన్ని పాలుకు పెంచడం అంటారని అప్పుడే తెలిసింది. కాగితం రాసుకుందామన్నాను. "ఎవరికి చూపనీకె?" అని అడిగింది.

తర్వాత ఊరు నగరంలో కలిసింది. నీళ్లు రాలేదుగాని నియమాలు వచ్చాయి. ఇళ్ల మధ్య ఒక యజమానికి రెండు పశువులకు మించి ఉండకూడదు, మించితే పట్టుకుపోతాం అని నోటీసు. చదివి వినిపించింది నేనే. అపార్ట్‌మెంట్ల వాళ్లు పొద్దున గిన్నె పట్టుకొని తన దగ్గరికే వస్తారు, సాయంత్రం వాసన అని తన మీదే ఫిర్యాదు చేస్తారు అని ఆమె అంది. నియమం నియమమే అన్నాను. ఆ మర్నాటి నుంచి కొన్నాళ్లు ఆమె పాలు పోసిందిగాని కొసరు పోయలేదు. గ్లాసు మీది గీత దగ్గర పాలు సరిగ్గా ఆగేవి. అంత సరిగ్గా ఉండడం నాకే బాగోలేదు.

మున్సిపాలిటీ వ్యాన్ వచ్చింది మంగళవారం. వాన పడిందని జరీనా ఇప్పటికీ అంటుంది, పడలేదు. తాళ్లతో మనుషులు దిగారు. కొట్టంలో ఏడు బర్రెలు, కొత్తవాళ్లను చూసి గుంజల చుట్టూ తిరుగుతున్నాయి. రెండింటిని చెక్కపలక మీదుగా వ్యాన్‌లోకి ఈడ్చారు. ఒకదాని మోకాలు గీరుకుపోయి రక్తం కారింది. కింద ఉండిపోయిన దాని దూడ ఆగకుండా అరుస్తోంది. నర్సవ్వ గుంజను రెండు చేతులా పట్టుకొని నిలబడింది. ఇవన్నీ నీవేనా అని వాళ్లతో వచ్చిన అధికారి అడిగితే తనవి రెండే అంది. మిగతావాటిని ఒక్కొక్కటే చూపిస్తూ ఇది యాదగిరి పాలు, ఇది జరీనా పాలు, ఇది టీచరమ్మ పాలు అంటూ అన్నిటి లెక్కా చెప్పుకొచ్చింది.

"పాలు ఎవ్వరు తాగుతున్నరో నాకెందుకమ్మా. ఓనర్ ఎవరో చెప్పు. పేపర్ ఏమన్న ఉందా?"

"తాగే పాలు గాదు సారూ." ఆమె నా వైపు చూసింది. "టీచరమ్మకు తెలుసు."

అధికారి నా దగ్గరికి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మీదైతే సంతకం చేయండి, రేపు కేసైతే మీ పేరు మీదే అవుతుంది, కాదంటే ఎక్కించేస్తాం అన్నాడు. నేను పెంచిన దుడ్డె అప్పటికి ఎదిగి, ఇంకా ఈనని పడ్డ అయింది, దాని మెడలో తాడు పడనే పడింది. నాది అంటే అబద్ధం. కాదన్నా అబద్ధమే.

"సగం నాది, సగం ఆమెది," అన్నాను. "నా సగానికి సంతకం చేస్తాను. మీరు ఎక్కించే సగం ఏదో గీత గీసి చూపించండి."

గుమిగూడినవాళ్ల వెనక నుంచి యాదగిరి అందుకున్నాడు. "నాది సుత సగమే సార్. మేసే సగం నాకు రాయుండ్రి, పెండ ఏసే సగం సర్కారుకు రాసుకోండ్రి."

అధికారి నవ్వలేదు. అతని ఫారంలో సగానికి గడి లేదు. పక్కకు వెళ్లి చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. అంతసేపూ పడ్డ మెడలో తాడు అలాగే ఉంది. దాన్ని పట్టుకున్న మనిషి చేతిని నర్సవ్వ రెప్ప వేయకుండా చూస్తోంది. చివరికి మా అందరి సంతకాలు తీసుకొని, ఎక్కించిన రెండింటినీ దింపించి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు.

మళ్లీ నోటీసు వచ్చింది. ఈసారి యజమానులెవరని అడగలేదు, ఎవరివైనా సరే కొట్టానికి రెండే అన్నారు. వ్యాన్ రాకముందే, ఒక తెల్లవారుజామున, నర్సవ్వ బర్రెలను తోలుకొని శామీర్‌పేట అవతల చెల్లెలి ఊరికి బయలుదేరింది. "వాళ్లు తీస్కపోవుడు గాదు, నేనే పోతున్న," అంది. "నీ పాలు నీకే ఉంటది." కొన్నేళ్లకు ఆమె అక్కడే కన్నుమూసింది. పడ్డ పెద్దదై ఈనినప్పుడల్లా చెల్లెలి కొడుకు బస్సులో నేను తర్వాత మారిన మారేడ్‌పల్లి ఫ్లాటుకు జున్నుపాలు తెస్తాడు. అందులో నా సగం ఎంతో నేను కొలవను.

పోయిన నెల పశువుల లెక్క రాసుకునే అమ్మాయి మా తలుపు కొట్టింది. ఫ్లాట్లలో ఏముంటాయని ఫోన్‌లో సున్నా నొక్కబోతుంటే ఆపాను. నాకు సగం బర్రె ఉందన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "యాప్‌ల సగం ఎక్కదు ఆంటీ. ఒకటి ఎయ్యాల్నా, సున్నా ఎయ్యాల్నా?" అని అడిగింది. రెండూ తప్పే అని చెప్పి, ఆమెకు కుర్చీ వేశాను.