కృష్ణపట్నం పెరట్లో పిచ్చుకలను ఫోటో తీసిన రోజు

నెల్లూరులో మా ఇంటికి ఎండుచేపలు తెచ్చి అమ్మే రమణమ్మ లేకపోతే నేను ఆ ప్రయాణం చేసేవాణ్ణే కాదు. ఇది అరవైల నడుమ మాట. నేను ఒక ఆఫీసులో గుమాస్తాని. సెలవు దొరికితే చాలు, కెమెరా తగిలించుకుని పిట్టల వెంట తిరిగేవాణ్ణి. ఫోటో స్టూడియో నడిపే మిత్రుడొకడు మద్రాసులో పాత సామాన్ల మధ్య పొడవాటి లెన్స్ ఒకటి చూసి ముచ్చటపడి కొన్నాడు. మూరెడు పొడవున్న ఆ గొట్టం పెళ్లి ఫోటోలకు పనికిరాదని తెలిశాక, కొన్నాళ్లు వాడుకొమ్మని నాకిచ్చాడు. ఒకనాడు దాన్ని తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. రమణమ్మ గంప దించి, మా గోడకున్న పిచ్చుక ఫోటో కేసి చూసింది.

“ఇట్టాంటివి మా పెరట్లో బోలెడు వస్తాయన్నా. మా ఇంటాయన కోసరం చూరుకి వరికంకులు కడతా ఉండా. ఒకసారి వచ్చి తియ్యరాదా? ఆయనకి కూడా మనిషి మొగం చూసినట్టుంటాది.”

ఆమె భర్త పెంచలయ్య కృష్ణపట్నంలో చేపలు పట్టేవాడు. రెండేళ్ల కిందట పడవను నీళ్లలోకి తోస్తుండగా అల కొట్టి, పడవ తిరగబడి అతని నడుం మీద పడింది. అప్పటినుంచీ కాళ్లు పడిపోయి మంచం మీదే ఉన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లతోనూ మాట్లాడడు. పిట్టలు వస్తే మాత్రం పొద్దస్తమానం చూస్తూ ఉంటాడట. బియ్యం దొరకడమే కష్టంగా ఉన్న రోజులవి. నేను అడగకముందే రమణమ్మ, “తినే గింజలు కావన్నా. కోతలప్పుడు ముత్తుకూరు చేలల్లో రాలిపోయిన పరిగె ఏరుకొచ్చినవి,” అంది. ఆ మాటతో వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

ఆదివారం తెల్లవారకముందే మొదటి బస్సు పట్టుకున్నాను. ఛార్జీ రూపాయికి లోపే. ముత్తుకూరులో బస్సు కాసేపు ఆగుతుంది. ఇడ్లీ, కాఫీ అక్కడే కానివ్వాలి, ఆ తరవాత ఏమీ దొరకదు. గోనెపట్టా చుట్టిన లెన్స్ చూసి డ్రైవరు, “కొంగల వేటకా సార్?” అని అడిగాడు. పిచ్చుకలను ఫోటో తీయడానికని చెప్పాను. “పిచ్చుకల కోసరం ఇంత దూరమా? మా బస్టాండులో కావాల్సినన్ని ఉండాయి గదా,” అని నవ్వి, కుదుపులకు అది దెబ్బతింటుందని తన సీటు వెనకే చోటిచ్చాడు. ముత్తుకూరు దాకా వరిచేలు, అవి దాటాక ఉప్పుమళ్లు. కృష్ణపట్నంలో దిగి, ఏటి గట్టు వెంట ఇసుకలో నడిచి చేరేసరికి ఎండ ఇంకా మెత్తగానే ఉంది.

తాటాకు ఇల్లు. పెరటి చూరుకు మూడు వరికంకుల కుచ్చులు వేలాడుతున్నాయి. వాటి కింద పగిలిన కుండ అడుగులో నీళ్లు. పెరటికి గోడ లేదు; సరుగుడు చెట్ల సందుల్లోంచి ఏరు సముద్రంలో కలిసే మొగ కనిపిస్తోంది. నులకమంచం మీద పెంచలయ్య అటు వీపు పెట్టి, కుచ్చుల వైపు తిరిగి పడుకున్నాడు. నలభై ఏళ్లు ఉండవు. నమస్కారం పెడితే తలూపాడు, అంతే.

పొడవు లెన్స్‌తో వచ్చే చిక్కు అక్కడే తెలిసింది. మరీ దగ్గరగా ఉన్నదేదీ అందులో స్పష్టంగా కనబడదు. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ చివరికి మంచం దగ్గర ఆగిపోయాను. నాకు కావలసిన చోటు సరిగ్గా అదే. మంచం కొంచెం జరపవచ్చా అని అడిగాను. రమణమ్మ భర్త వైపు చూసింది. అతను, “జరపండి,” అన్నాడు. పక్కనంతా కట్టెలూ వలలూ ఉండడంతో మంచాన్ని అడ్డంగా తిప్పవలసి వచ్చింది. ఇప్పుడు అతని ఎదుట సముద్రం ఉంది. పెంచలయ్య భుజం మీది తుండుగుడ్డ తీసి మొహం మీద కప్పుకున్నాడు.

రమణమ్మ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. “ఆసుపత్రి నించి వచ్చినాక సముద్రం కంటబడకుండా మంచం వెయ్యమన్నాడన్నా. చూసి ఓర్చుకోలేనంటాడు.”

“ముందే చెప్పకూడదా? మళ్లీ తిప్పేద్దాం.”

“వద్దు. తనే గదా జరపమన్నది. ఉండనీ.”

ఆ నల్లటి గొట్టాన్ని చూడగానే పిట్టలన్నీ సరుగుడు చెట్లలోకి పారిపోయాయి. రమణమ్మ చినిగిన వల ఒకటి తెచ్చి కెమెరా మీద, దాన్ని నిలబెట్టిన మూడుకాళ్ల స్టాండు మీద కప్పింది. చాలాసేపు కదలకుండా నిలబడ్డాక ఒక మగ పిచ్చుక వచ్చి కుచ్చుకు తలకిందులుగా వేలాడింది. లెన్స్‌లో దాని గొంతు కింది నల్లమచ్చ, ముక్కున గింజ, ఊడుతున్న పొట్టు కూడా కనబడ్డాయి. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. టక్కుమన్న చప్పుడుకు అది ఎగిరిపోయింది.

“పోయిందా?” తుండుగుడ్డ కిందనుంచి పెంచలయ్య అడిగాడు. నేను విన్న అతని రెండో మాట అది.

“పోయింది.”

“వస్తాదిలే సార్. ఆకలి ఎవురికైనా ఒకటే గదా.”

వచ్చింది, తోడుగా మరో నాలుగింటిని వెంటబెట్టుకుని. ఆ వెనక గోరింకల జంట వచ్చి వాటిని తరిమేసింది. ఉడత కుచ్చు మీదికి దూకి, పట్టు తప్పి నీళ్ల కుండలో పడింది. నాకు నవ్వు ఆగలేదు. ఏమైందని పెంచలయ్య తుండుగుడ్డ తీశాడు. తడిసిన ఉడతను చూసి అతనూ నవ్వాడు. పసుపు తలకాయ గిజిగాడు వచ్చి కంకిని చీలుస్తుంటే తీసిన ఫోటోలే ఆనాటి వాటిల్లో మేలైనవి. మధ్యాహ్నం రమణమ్మ మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం పెట్టింది. పెంచలయ్య తుండుగుడ్డ మళ్లీ కప్పుకోలేదు గానీ, చూపు మాత్రం నేల మీదే ఉంచాడు.

పొద్దు వాలుతుండగా మొగ వైపునుంచి కేకలు వినిపించాయి. పడవలు తిరిగి వస్తున్నాయి. పెంచలయ్య కాసేపు విని అడిగాడు: “సార్, ఆ గొట్టంలో దూరంగా ఉండేది కనపడతాదా?”

స్టాండు కాళ్లు కుదించి మంచం ఎత్తుకు దించాను. రమణమ్మ అతన్ని లేపి వీపుకు తన భుజం ఆన్చింది. అతను ఒక కన్ను మూసుకుని, రెండు చేతులా కెమెరా పట్టుకున్నాడు. నేను లెన్స్‌ను మెల్లగా తిప్పాను.

“అదుగో, మా తెరచాప,” అన్నాడు. ఆ తెరచాప వెంటే కెమెరాను జరుపుతూ పోయాడు. తరవాత, “తెడ్డు కాడ ఎవురు రమణా? మా పోలయ్య కాదే?”

పోలయ్య అతని తమ్ముడు. పడవ నడిపే తెడ్డు రెండేళ్లుగా తమ్ముడి చేతిలోనే ఉందని పెంచలయ్య అనుకుంటున్నాడు.

“ముసిలి సుబ్బయ్య మామ తెడ్డు పడతా ఉండాడు. పోలయ్య ముందర కూర్చుంటాడు.”

“ఆయన చేతులు వణకతా ఉంటే సముద్రం లోపలికెట్టా పోతారు?”

“పోవడం లేదు. అందుకే చేపలు తక్కువ. చెప్తే నువ్వు వినేదేడ?”

కాసేపటికి పోలయ్య చిన్న బుట్టలో చేపలు తీసుకుని వచ్చాడు. అన్న సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉండడం చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

“తెడ్డు ఎందుకు పట్టలేదురా?” పెంచలయ్య అడిగాడు.

“అది నీది గదన్నా. నువ్వు లేస్తావని...”

పెంచలయ్య తన కాళ్ల మీద చెయ్యి వేసుకున్నాడు. “నేను లేవనురా. డాక్టరు ఆ రోజే చెప్పినాడు. రేపటి నించి నువ్వే పట్టు. మొగ కాడ అల ఎక్కేది తెలియకపోతే ఒడ్డున కూర్చుని నేను చెప్తా. మంచం ఆడికి మోసుకుపోండి.”

పోలయ్య బుట్ట కింద పెట్టి, మంచం పక్కన చతికిలబడి ఏడ్చాడు. పెంచలయ్య అతని తల మీద చెయ్యి ఉంచాడు. నేను కెమెరా సర్దుకునే నెపంతో ఇంటి ముందుకు వచ్చేశాను.

నెల తిరక్కుండానే రమణమ్మ గంపతో మా ఇంటికి వచ్చింది. ఫోటోలు ఒక్కొక్కటే చూసి, ఉడత లేదేమని అడిగింది. రోజూ తెల్లవారుజామున మంచం ఒడ్డుకు పోతోందనీ, పడవలన్నీ పోయాక అది పెరట్లోకి తిరిగొస్తుందనీ చెప్పింది. “అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటా ఉండాడన్నా,” అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు. ఆమె మొహంలో మాత్రం ఫిర్యాదు లేదు. ఆ రీలులో పిచ్చుకలున్నాయి, గోరింకలున్నాయి, గిజిగాడు ఉంది. కంటికి కెమెరా ఆన్చుకుని తన పడవను వెతుక్కుంటున్న పెంచలయ్య లేడు. నా దగ్గరున్నది ఒకటే కెమెరా, అది అతని చేతుల్లో ఉంది. ఆ ఫోటో తీయలేకపోయానన్న బాధ నాకు ఎప్పుడూ కలగలేదు.

ఇలాంటి పెరట్లో ఫోటోలు తీయాలనుకునేవారికి ఒక్క మాట. కుచ్చులు కట్టిన చోటినుంచి మీ లెన్స్‌కు ఎంత దూరం కావాలో ఇంటి దగ్గరే కొలిచి చూసుకుని వెళ్లండి. అక్కడికి పోయాక ఏదైనా జరపవలసి వస్తే, అదక్కడ ఎందుకుందో ముందు ఆ ఇంటివాళ్లను అడగండి.