కూర్చునే కాలు

మా తాత ఖమ్‌ఫాన్ నోట ఎప్పుడూ ఒకటే మాట: "బో పెన్ యాంగ్." ఏం ఫరవాలేదులే అని. లావోస్‌లో, మా సవన్నఖేత్‌లో అందరూ అనేదే. ఈయన మాత్రం దాంతోనే బతుకు నెట్టుకొచ్చాడు. చక్కెర జబ్బుకి కుడికాలు తొడదాకా తీసేసినప్పుడూ అదే అన్నాడు. పెట్టుడుకాలు ఎలా ఉందని అడిగినవాళ్ళకీ అదే చెప్పి, ఇంటికొచ్చి దాన్ని విప్పి తలుపు వెనక నిలబెట్టేవాడు.

అప్పటికి నేను కాలేజీ మానేశాను, మోటార్‌సైకిల్ షాపు మానేశాను, అత్త నూడుల్స్ బండీ మానేశాను. ఖాళీగా ఉన్నానని తాతని నాకు అప్పగించారు.

బౌద్ధ విహారానికి పూజకి తీసుకెళ్ళినప్పుడు అసలు చిక్కు తెలిసింది. అక్కడ అందరూ చాపల మీద కాళ్ళు పక్కకి మడిచి కూర్చుంటారు. పాదం బుద్ధుడి వైపు చాపకూడదు. తాత పెట్టుడుకాలు వెనక్కి మడుచుకుంటుంది గాని పక్కకి తిరగదు. కుర్చీ వేస్తే భిక్షువుల కన్నా తల ఎత్తులో ఉంటుందని ఆయన ఒప్పుకోడు. అందుకని బయట మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చునేవాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ ముందు వరసలో కూర్చున్న మనిషి!

ఒకరోజు పట్టుబట్టి లోపలికి తీసుకెళ్ళి, కాలు విప్పి పక్కన పెట్టాను. పక్క చాప మీదున్న చాన్‌పెంగ్ అవ్వ గయ్యిమంది.

"ఒరే విసై, ఆ పాదం ఎటు చూస్తోందో చూశావా?"

"అది ప్లాస్టిక్ అవ్వా."

"ప్లాస్టిక్‌దైతే మాత్రం? వేళ్ళున్నాయిగా!"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, "బో పెన్ యాంగ్" అంటూ నా భుజం పట్టుకుని బయటికొచ్చేశాడు. ఆయన చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

మర్నాడు తాతని బండెక్కించి, కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపుకి పోయాను. అక్కడ పనిచేసే ఫొన్‌సీ అక్క కాలు పట్టి చూసింది.

"బిగుతుగా ఉందా తాతా?"

"బో పెన్..."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా తాతా!" అని నేల మీద చతికిలబడి కాళ్ళు పక్కకి మడిచాను. "ఇలా అక్కా. ఈయన ఇలా కూర్చోవాలి. ఇలా కూర్చోలేకే ఆ కాలు తలుపు వెనక పడుంది."

ఆమె నవ్వలేదు. సొరుగు లాగి గుండ్రటి ఇనుప బిళ్ళ ఒకటి తీసింది. మోకాలి పైన బిగించి మీట నొక్కితే కింది కాలంతా పక్కకి తిరుగుతుంది. "మేం ఎంత దూరం నడుస్తావనే అడుగుతాం. వీళ్ళు బాగుందని చెప్పి వెళ్ళిపోతారు. ఇంక మాకెలా తెలుస్తుంది?" అంటూ నా చేతిలో స్పానరు పెట్టింది. "ఊరికే చూడకు, పట్టుకో."

పట్టుకున్నాను. విప్పాం, బిగించాం, తాతకి తొడిగాం, మళ్ళీ విప్పాం. ఆకలి కూడా గుర్తురాలేదు. తాత బెంచీ మీద కునికిపాట్లు పడుతుంటే ఇంటికెళ్దామని ఆయన్ని లేపడానికి కూడా మనసొప్పలేదు, ఇంకొక్కసారి సరిచూద్దామనిపించి.

వానాకాలమంతా భిక్షువులు విహారం కదలకుండా ఉండే వర్షావాసం ముగిసిన రోజు తాత ముందు వరసలో కూర్చున్నాడు. మీట టక్కుమంది. కాలు పక్కకి తిరిగి, పాదం బుద్ధిగా వెనక్కి పోయింది. చాన్‌పెంగ్ అవ్వ వంగి మరీ చూసింది.

"పోన్లే, మర్యాద నేర్చుకుంది."

"నీ కాలికన్నా బాగా మడుచుకుంది చూడు," అన్నాడు తాత.

పూజ అయ్యాక నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరే, తొడ దగ్గర గిచ్చుతోందిరా. మీట గట్టిగా ఉంది. లేచేటప్పుడు పట్టు దొరకట్లేదు. ఏం చేస్తావో చెయ్యి."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆయన నోట ఫిర్యాదు వినడం అదే మొదలు.

ఆ ఫిర్యాదు పట్టుకునే వర్క్‌షాపుకి వెళ్ళి, పని నేర్పమని అడిగాను. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను, మానెయ్యలేదు. ఎవరొచ్చినా ఎలా ఉందని అడగను. చాప పరిచి, కూర్చుని చూపించమంటాను. తాత మాత్రం చాప దాకా ఆగడు. గుమ్మంలోనే ఫిర్యాదులు మొదలుపెడతాడు.