మొగ్గలు గిల్లే పెద్దాయన

చామంతి దండ కొన్నప్పుడల్లా నాకు ఆ మనిషే గుర్తొస్తాడు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్తుంటే పూతలపట్టు దగ్గర మా బస్సు టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్క చామంతి తోటలో ఒక పెద్దాయన లైటు స్తంభం కింది వరుసలో మొగ్గలన్నీ గిల్లి పారేస్తున్నాడు. మిగతా తోట జోలికి పోలేదు. పూలమ్ముకునే మనిషికి ఇదేం పని అనిపించి అడిగాను.

"రేయంతా లైటు పడితే సామంతి పూయదప్పా. ఉత్త ఆకే. ముందొకసారి లైన్‌మ్యాన్‌ను బతిమాలి ఈ లైటు తీయించినా. పూలు ఇరగబూసినాయి. ఆ సీకట్లోనే, రోడ్డు దాటతా ఉంటే, నా పెండ్లాన్ని లారీ గుద్ది సంపేసింది."

తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ లైటు మళ్ళీ పెట్టించింది ఆయనేనట. పూయదని తెలిసీ ఏటా ఈ వరుస నాటుతున్నాడు. పూయని ఆ మొక్కలను చూస్తే, లైటు వెలుగుతోందని మనసు కాస్త నెమ్మదిగా ఉండేదట.

"మరి ఇప్పుడు మొగ్గలెట్లా వచ్చాయి?"

"రెండు నెలలాయ, రోడ్డు పొడుగునా లైట్లు ఆరిపాయ. కరెంటు బిల్లు ఎవురు కట్టాలో తేలలేదంట. పొద్దుగూకినాక మా కోడలు పాలక్యాను తీసుకోని ఈడనే దాటాల."

"మొగ్గలు గిల్లితే లైటు వెలుగుతుందా పెద్దాయనా?"

ఆయన చెయ్యి ఆగలేదు.

"వెలగదప్పా. పూస్తే సూడలేక."