పెద్ద మేస్త్రి కడుపులోని రేడియో

బొంబాయిలో వరస గదుల మా చాల్‌లో అందరికంటే పెద్దవారు, నా ఒంటిగది ఖోలీకి గోడ అవతలి పొరుగువారు అయిన పెద్ద మేస్త్రి గత మంగళవారం, మధ్యాహ్న భోజనం చేసి చేయి కడుక్కున్న కాసేపటికి కన్నుమూశారని చాల్ కమిటీ కార్యదర్శి హోదాలో పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. గుండె ఆగిందని వైద్యుడు రాశాడు. కడుపు మాత్రం చివరిదాకా సక్రమంగా పనిచేసింది. ఈ రెండో సంగతి ఏ ధ్రువపత్రంలోనూ లేదు కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పాలమూరు నుంచి వచ్చి, ఇటుకలు మోసి, మేస్త్రి అయిన మనిషి. కామాటిపురలో ఏ గోడ పక్కనుంచి పోయినా తాపీ పిడితోనో, అది లేకపోతే వేలి కణుపుతోనో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవారు. గిలాబు పూత వెనక గుల్లగా ఉంటే ఆ చప్పుడు వేరట. "కొట్టి ఇను. ఇన్నంక గూడ తెల్వకుంటేనే పగులగొట్టు" అని కొత్త పనివాళ్లకు చెప్పేవారు. పెళ్లికి వెళ్లినా హాలు గోడను పరీక్షించాకే అక్షతలు వేసేవారు.

మిల్లులు మూతబడ్డ ఏడాది వానాకాలంలో ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. నెలలు గడిచినా తగ్గలేదు. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు కనుక కోసి చూడటమే మార్గమని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. నలభై ఏళ్లు బొంబాయి మొత్తంతో హిందీలో బేరాలాడిన పెద్ద మేస్త్రి, కడుపు విషయం మాత్రం తెలుగులోనే మాట్లాడతానన్నారు. అనువాద బాధ్యత నామీద పడింది.

"కోసినంక ఏం లేదంటే? మళ్ల గిలాబు ఎవరు జేస్తరు? గీయన కొట్టి ఇన్నడా లేదా, అడుగు."

అడిగాను. డాక్టరు నవ్వకుండా లేచి, ఆయన పొట్టమీద ఒక వేలు ఆనించి రెండో వేలితో తట్టి, విని చూపించాడు. పెద్ద మేస్త్రి అతణ్ని తొలిసారిగా పనివాడిగా గుర్తించి కుర్చీలో సర్దుకున్నారు. డాక్టరుకు ఏమనిపించిందో, బీరువాలోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో వేలి కొసంత మాత్ర. పరిశోధన కోసం విదేశం నుంచి వచ్చినవి రెండే, ఇది రెండోది. మింగితే పేగుల్లోని ఒత్తిడిని రేడియో సంకేతంగా బయటికి పంపుతుంది. మూడు రోజుల్లో బయటికొస్తే కోత అక్కర్లేదు. ఎక్కడైనా ఇరుక్కుంటే నాలుగో రోజు కోయక తప్పదు. వచ్చిన మాత్రను కడిగి తిరిగి అప్పగించాలి.

"అంటే ఇల్లంత తిరిగొచ్చి చెప్పే మేస్త్రి. తే, మింగుత."

ఆ పూటంతా యంత్రం పక్కన కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు పట్టి, సాయంత్రం ఇంటికి పంపారు. కమిటీ అత్యవసరంగా సమావేశమై, మా అంతస్తులోని మూడు ఉమ్మడి సండాసుల్లో, అంటే మరుగుదొడ్లలో, చివరిదాన్ని మూడు రోజులపాటు పెద్ద మేస్త్రికే కేటాయిస్తూ తీర్మానించింది. అప్పటికే వరసలో నిలబడి ఉన్న ఒక సభ్యుడు తన అసమ్మతిని నమోదు చేయమని కోరాడు. చేశాం.

ఆ సాయంత్రం వార్తలకని నా ట్రాన్సిస్టర్‌ను ఆయన పక్కన పెట్టాను. వార్తలు చదివే గొంతు వెనక సన్నని ఈల. పక్కకు జరిపితే పోయింది, పొట్టకు ఆనిస్తే వచ్చింది. ఆయన చాయ్ తాగారు. ఈల మెల్లగా పైకి లేచి, వణికి, మళ్లీ దిగింది. గ్యాలరీలో చేరిన జనం గుమ్మంలోకి తోసుకొచ్చారు. ఎవరూ చూడని, వెలుతురే ఎరుగని చోటునుంచి ఒక శబ్దం మా ఖోలీలోకి వస్తోంది. ఒకాయన చెప్పులు విప్పాడు.

ఆయన భార్య, మా అందరికీ పెద్దమ్మ, ఒక్కతే చలించలేదు. "నలభై ఏండ్లసంది నీ కడుపుల మాట నాకొక్కటి జెప్పకపోతివి. గిప్పుడు రేడియోకు జెప్తున్నవా?"

"మెల్లగ మాట్లాడవే, లోపలికి ఇనవడ్తది" అన్నారాయన. తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి, ఈల పలికిన చోట రేడియో అద్దం మీద చుక్క పెట్టారు.

రెండో రోజు ట్రాన్సిస్టర్‌తో పొట్టంతా వెతికితే, కుడివైపు బొడ్డు కింద ఈల గట్టిగా పలికింది. మూడో రోజు పొద్దునా అక్కడే. పెద్దమ్మ తిట్టడం మానేసింది. అది గమనించాకే మాకు భయం పట్టుకుంది. ఆయన ఆసుపత్రికి తువ్వాలు, లోటా సర్దుకుని, తాపీ తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకాడ ఉండనీ. తిరిగొస్తే తీసుకుంట."

మధ్యాహ్నానికి ఈల నాలుగు వేళ్లు పక్కకు జరిగింది. పొద్దు వాలేవేళ మూడో సండాసులోకి వెళ్లిన ఆయన ఎంతకీ బయటికి రాలేదు. చాల్ మొత్తం తలుపు ముందు నిలబడింది. లోపలినుంచి గోడమీద రెండు దెబ్బలు వినిపించాయి. కమిటీ హోదాను మరచి నేనూ కేక వేశాను.

కడిగిన మాత్రను అప్పగించాక, పేగులో అడ్డేమీ లేదని, బిగుసుకోవడమే నొప్పికి కారణమని గీతలు చూసి డాక్టరు తేల్చాడు. మందులిచ్చి, మిరపకాయలు తగ్గించమన్నాడు. ఎప్పటికైనా ఇలాంటి మాత్రలో దీపం, కెమెరా పెట్టి లోపలి బొమ్మలు కూడా చూస్తామేమో అన్నాడు. నేను అనువదించాక పెద్ద మేస్త్రి తన పొట్టకేసి చూసుకున్నారు. "ఇన్నేండ్లసంది ఆ గల్లీల ఒక్క దీపం గూడ లేకపాయె గదా" అన్నారు. తాపీ ఆ రోజే తీసుకుని, మొన్నటిదాకా దానితో గోడలు తడుతూనే ఉన్నారు.

మంగళవారం సాయంత్రం అంత్యక్రియలు ముగించుకుని వచ్చి, ఏం చేయాలో తోచక వార్తలు పెట్టాను. పెద్దమ్మ వచ్చి రేడియో ముందు కూర్చుంది. ముల్లును తానే సున్నపు చుక్క దగ్గరికి తిప్పి, అద్దానికి చెవి ఆనించింది. వార్తలు చదివే గొంతు ఉంది. దాని వెనక ఏమీ లేదు. వార్తలు అయిపోయేదాకా విని లేచింది. రెండు ఖోలీల మధ్య గోడను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, వింటూ అలాగే నిలబడింది.