క్రేన్ ఆపిన క్వార్టర్‌బ్యాక్

మొన్న సోమవారం మస్కట్ల మా ఘాలా సైట్ల క్రేన్ రెండు గంటలు ఆగింది, విన్నరా? మోటర్ కాలిందని ఒకడు, తాడు తెగిందని ఒకడు చెప్పుకుంటున్నరట. ఏం కాదు! ఆపింది నేను. క్రేన్ దిక్కు పోకుండ, బస్సుల కూసోని ఆపిన. ఇన్ని రోజులైంది, నా కోపం ఇంకా దిగలే. చాయ్ తాగుకుంట వినుండ్రి.

దీనికంతటికి మూలం మా ముదీర్. మేనేజర్, అమెరికాయన. ఆఫీసోళ్లను పది మందిని జమచేసి ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ పెట్టిండు. మనం క్రికెట్‌కు ఫోన్ల టీమ్ పెడ్తం సూడు, గదే. కాకపోతే ఇది అమెరికా ఫుట్‌బాల్. పేరుకు ఫుట్‌బాల్, ఆడేది మొత్తం చేతుల్తోని! క్వార్టర్‌బ్యాక్ అనెటోడు బంతి ఇసురుతడు, రిసీవర్ అనెటోడు ఉరికి పట్టుకుంటడు. పట్టుకుంటె ఇద్దరికీ పాయింట్లు. నేను టైమ్‌కీపర్ను. హాజరు రాసుకునెటోన్కి ఇదంతా ఎందుకు? గాని ముదీర్ అడిగితే కాదంటమా!

నా క్వార్టర్‌బ్యాక్ మంచిగనే ఆడుతుండె. వానికో స్టార్ రిసీవర్. ఈడు కండ్లు మూసుకోని ఇసిరినా వాడు పట్టేటోడు. సోమవారం పొద్దుగాల కంపెనీ బస్సెక్కి ఫోన్ తెరిస్తే ఏముంది? ఆ రిసీవర్ మోకాలు పోయింది, సీజన్ మొత్తం రాడు! కింద ఎవడో నిపుణుడు రాసిండు: రిసీవర్ పోతే క్వార్టర్‌బ్యాక్ విలువ సగం పోయినట్టే, వెంటనే వదిలించుకోండి అని. వాన్ని పట్టుకోని నాలుగు పీకాలె అసలు!

నా నెత్తి గరమైంది. మా లీగ్లనే ఉన్న శ్రీనుకు ఫోన్ చేసిన. వాడు రైసూత్‌ల మా కంపెనీ పోర్ట్ పనుల దిక్కు ఉంటడు. ఇంజన్ మోత, లైన్ సరిగ్గ లేదు. ఒర్రుకుంట మాట్లాడిన.

"మోకాలు పోయిందిరా! ఇగ వాడు రాడు. వాడు లేకపోతే ఈయన దేనికి పనికొస్తడు? ఇన్నొద్దులు వాని మీదనే బతికిండు! ఇయ్యాల్నే తీసేస్తున్న. పేరు కొట్టేసి కొత్తోన్ని పెడ్త. ఖలాస్!"

అన్న, అన్నట్టే ఫోన్ల వాన్ని తీసేసిన. మనసు సల్లవడ్డది.

ఇగ వినుండ్రి. నా యెనక రెండు సీట్ల అవతల లింగన్న కూసున్నడు. మా క్రేన్ ఆపరేటర్, జగిత్యాల దిక్కాయన. క్రేన్ పైకెల్లి కింద ఏముందో ఆయనకు సక్కగ కనవడదు. కింద నిలవడి, వాకీటాకీల 'ఎత్తు, దించు, ఆపు' అని చెప్పే రిగ్గర్ యాదగిరి. ఇద్దరిది ఆరేండ్ల జోడి. ముందటి వారమే యాదగిరి మెట్ల మీద జారి మోకాలు పలగ్గొట్టుకున్నడు. రూమ్‌ల మంచం మీదున్నడు, ఆయన జాగల కొత్తోడు నిలవడుతున్నడు. పైంగ కంపెనీల మనుషుల్ని తగ్గిస్తరని పుకారు. పేర్ల లిస్టు ఎవరి తాన ఉంటది? నా తాన!

ఎనిమిదింటికి ఆఫీసుల హాజరు చూసుకుంటున్న. లింగన్న లోపలికొచ్చిండు. హెల్మెట్ తీసి నా బల్ల మీద పెట్టిండు. వాకీటాకీ దాని పక్కన పెట్టిండు.

"తీస్కోండ్రి సారూ."

ఎప్పుడు 'తమ్మీ' అని పిలిచెటోడు! 'సారూ' అనంగనే లేసి నిలవడ్డ.

"ఏమైందన్నా?"

"ఏమైతది? యాదగిరి లేకుంటె నేను దేనికీ పనికిరాననవడితి. వాని మీదనే బతికిన్నట! బస్సుల అందరి ముంగట అనుడెందుకు సారూ? పిలిచి చెప్తే పోతుంటి గదా. ఇంటికి కూడ ఫోన్ చేసి చెప్పిన, వీసకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తున్నరని."

"అయ్యో! అది నీ గురించి కాదన్నా! క్వార్టర్‌బ్యాక్ గురించి!"

"ఆయనెవరు? పెద్దాఫీసోడా?"

ఫోన్ తీసి బొమ్మ చూపించిన. హెల్మెట్ పెట్టుకోని నిలవడ్డడు వాడు. లింగన్న శాన సేపు చూసిండు.

"ఈన్ని కూడ తీసేసినవా? ఈయన రిగ్గర్‌కు గూడ మోకాలేనా?"

గంతల ముదీర్ తలుపు దొబ్బుకోని వచ్చిండు. మొకం ఎర్రగ అయింది. బయట కాంక్రీట్ బండ్లు నాలుగు లైన్ గట్టినయి, లోపల మాల్ గట్టివడుతుంది. "వై ఈజ్ మై క్రేన్ స్టాప్డ్?" అని ఒర్రిండు. మొత్తం చెప్పిన.

తిడ్తడనుకున్న. తిట్టిండు కూడ. గాని మొదలు ఏమన్నడో తెలుసా?

"వెయిట్. యూ డ్రాప్డ్ హిమ్?"

జేబుల కెల్లి ఫోన్ తీసిండు. నా ముంగటనే, నా బల్ల కాడనే, నేను ఇడిసిపెట్టిన క్వార్టర్‌బ్యాక్‌ను తన టీమ్‌ల వేసుకున్నడు! బయట కాంక్రీట్ గడ్డకడుతుంటే! తర్వాత లింగన్న భుజం మీద చెయ్యేసి, "తుమ్ కహీ నహీ జాతా. యాదగిరి భీ నహీ జాతా" అని, ఇద్దరు యాడికి పోరని వచ్చీరాని హిందీల చెప్పిండు.

లింగన్న కదిలితేనా! "ఇంట్ల ఆమె ఏడ్చుకుంట కూసున్నది. నువ్వే చెప్పు" అని ఫోన్ నా చేతుల పెట్టిండు. వదినెకు చెప్పిన: ఒదినే, తప్పైంది, అది ఆట, ఫోన్ల ఆడేది.

"ఆటనా? ఆటకు మా ఆయన్ని తీసేస్తవా? పొద్దటిసంది పొయ్యి ముట్టియ్యలే నేను! నీకు పనీపాట లేదా?" అవతల ఆమె కడుగుతనే ఉన్నది. ఇవతల ముదీర్ గడియారం చూసుకుంట నిలవడ్డడు. పదింటికి క్రేన్ లేసింది. అప్పటికి రెండు బండ్ల కాంక్రీట్ పారబోసిండ్రు.

నిజం చెప్పాల్నంటే, నాకు సిగ్గయింది. పద్నాలుగేండ్లసంది ఎండల క్రేన్ ఎక్కుతున్న మనిషి, నా ఒక్క ఫోన్‌తోని గట్ల కూలవడ్డడు. సాయంత్రం రూమ్‌కు పోయి యాదగిరికి, లింగన్నకు ఇద్దరికీ దండం పెట్టి వచ్చిన.

గాని కోపం యాడికి పోతది? నిన్న ఫలితాలొచ్చినయి. ఆ క్వార్టర్‌బ్యాక్ ఎవడో పేరు తెల్వని పిలగానికి బంతులిసిరి, లీగ్ల అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చిండు. ముదీర్‌కు! ఈ వారం ఆయన ఆట ఎవరి మీద? నా మీద! ఇయ్యాల బస్సుల లింగన్నకు చెప్పుకోని మొత్తుకున్న.

"మరి గట్లనే ఉంటది తమ్మీ," అన్నడు. "రిగ్గర్ మారితే రెండొద్దులు జర నిదానమైతది. తర్వాత కొత్తోని గొంతు అలవాటైతది. లివర్ మీద చెయ్యి నాదే గదా! నన్నడిగితే చెప్తుంటి."

నిపుణుని మాట పట్టుకోని నేను చెడితే, నా యెనక సీట్ల ఉన్నడు అసలు నిపుణుడు! ఈ ముచ్చట ముదీర్‌కు చెప్పిన. చెప్పుడే తప్పైంది. నవ్వి నవ్వి, నా టీమ్ తీసి లింగన్నకు ఇచ్చేసిండు! ఇంగ్లిష్ పేర్లు చదివి చెప్పనీకి నన్ను పెట్టిండు.

మద్యాన్నం అన్నం తినుకుంట లింగన్నకు పదహారు పేర్లు చదివిన. ఎవడేం చేస్తడో, ఎవనికేం దెబ్బలున్నయో అన్నీ అడిగిండు.

"మరి ఎవర్ని తీసేద్దామన్నా?" అన్న.

డబ్బా మూత పెట్టి, నన్ను కిందికీ మీదికీ చూసిండు.

"అందరు మంచిగనే ఉన్నరు తమ్మీ. చదివెటోన్నే మార్చాలె."