కంటిన్యుటీ ఉన్న జడలు

నాకు పిల్లలంటే ప్రత్యేకమైన ముచ్చటేమీ లేదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తొంభైల మొదట్లో మేం మద్రాసు నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో అద్దెకి దిగాం. మా ఆయన సౌండ్ రికార్డిస్టు. సినిమాలు ఒక్కొక్కటే హైదరాబాదుకి తరలివస్తుంటే వాటి వెనకే మేమూ వచ్చాం. ఆయన పొద్దున స్టూడియోకి వెళ్తే ఎప్పుడొస్తారో ఆయనకే తెలిసేది కాదు. నాకేమీ తోచేది కాదు. మా వీధి ఆడవాళ్ళు కొందరు శనివారాలు అనాథ పిల్లల హాస్టలుకి వెళ్తుంటే, కారులో చోటుంది కదా అని నేనూ ఎక్కాను.

ఫిల్మ్‌నగర్ దిగువన బండరాళ్ళ పక్కన, ఎవరో వాడుకోమని ఇచ్చిన పాత డాబా ఇల్లు అది. అందరూ ఆడపిల్లలే. అందరికీ కలిపి ఒక వార్డెన్. నాతో వచ్చినవాళ్ళలో ఒకావిడ పాటలు తీసుకుంది, ఒకావిడ బొమ్మలు, ఇంకొకావిడ ఇంగ్లీషు. పంపకాలు అయిపోయాక నేను మిగిలాను. వార్డెన్ నన్ను ఎగాదిగా చూసి, "పాటలు నేర్పెటోళ్ళు మస్తుగ ఉన్నరమ్మ. పేలు చూసెటోళ్ళే దొరుకుతలేరు," అంది. అలా నాకు పేల శాఖ దక్కింది.

నేను మెట్టు మీద కూర్చునేదాన్ని. కింది మెట్టు మీద ఒక పిల్ల, ఆ పిల్ల వెనక వరస. కర్పూరం కలిపిన కొబ్బరినూనె, పేల దువ్వెన, ఒక తెల్లగుడ్డ, అంతే నా సరంజామా. పని నాకు నచ్చింది. పిల్లకి పాట వచ్చిందో లేదో ఒక పట్టాన తేలదు గానీ, పేను దొరికిందో లేదో అప్పటికప్పుడే తేలిపోతుంది. మా ఆయన మాత్రం నన్ను గుమ్మంలోనే ఆపేవారు. "అక్కడివి అక్కడే దులుపుకుని రావే తల్లీ, నా హెడ్‌ఫోన్స్‌లో కాపురం పెడితే కష్టం," అనేవారు.

జూబ్లీ హిల్స్ నుంచి పుట్టినరోజుల వాళ్ళు వచ్చేవారు. కేకు, ఫొటోగ్రాఫరు, పట్టుచీరలు. పిల్లలు పాట పాడగానే కళ్ళు తుడుచుకునేవారు. ఏ చిన్నపిల్లో చనువుగా భుజం మీద తల ఆనిస్తే మాత్రం నవ్వుతూనే పక్కకి జరిగేవారు. వాళ్ళని తప్పు పట్టను. పేలంటే ఎవరికి మాత్రం ఇష్టం? నాకు ఎలాగూ ఎక్కేసి ఉంటాయి కాబట్టి ఆ బెంగ లేదు.

హాస్టల్లో ఒక కట్టడి ఉండేది. ఏప్రిల్ చివర, పరీక్షలు అయిపోగానే, పిల్లలందరికీ గుండ్లు గీయించేసేవారు. ఎండాకాలం ఆ గుట్టల మీద నీళ్ళ కటకట. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అంతమంది తలలు ఎక్కడ రుద్దుతారు? యూసుఫ్‌గూడ నుంచి క్షవరం చేసే ముసలాయన రేకుపెట్టె పట్టుకుని వచ్చి, సాయంత్రానికల్లా ఇల్లంతా నున్నగా చేసి పోయేవాడు. పిల్లలు ముందు ఏడ్చేవారు, తర్వాత ఒకరి తల ఒకరు తడుముకుని నవ్వుకునేవారు.

నేను చేరిన ఏడు చలికాలంలో పైన ఒక బంగళాలో షూటింగు పెట్టారు. బడి వరండా సీనుకి పిల్లలు కావాలంటూ ప్రొడక్షన్ మేనేజరు హాస్టలుకి వచ్చి కొందరిని తీసుకెళ్ళాడు. వాళ్ళలో ఒకతి తొమ్మిదేళ్ళది. అంతకుముందు వానాకాలంలోనే హాస్టల్లో చేరింది. నడుము దాకా రెండు బిగువైన జడలు. ఆ జడలు చూసి దర్శకుడు దాన్ని ముందుకు పిలిచి, ఎర్ర రిబ్బన్లు కట్టించి, హీరోయిన్ చేతికి గులాబీ ఇప్పించాడట. ఇవ్వడం వరకు ఆ రోజు తీశారు. హీరోయిన్ ఆ పువ్వు అందుకుని పిల్లని ముద్దు పెట్టుకోవడం మిగిలిపోయింది. మర్నాడు అసిస్టెంటు డైరెక్టరు ఒకతను వచ్చి దాన్ని ముందూ వెనకా ఫొటోలు తీసి, వార్డెన్‌కి గట్టిగా చెప్పాడు.

"ఈ పాప జుట్టు ముట్టుకోవద్దండీ. కంటిన్యుటీ ఉంది. మిగతా సగం తీసేటప్పుడు ఈ జడలు ఇలాగే ఉండాలి. లేకపోతే పువ్వు ఇచ్చింది ఒక పిల్ల, ముద్దు పెట్టించుకుంది ఇంకో పిల్ల అయి కూర్చుంటుంది."

వార్డెన్ సరేనంది. పిల్ల ఆ మాట నేర్చుకుంది.

ఏప్రిల్ వచ్చింది. ముసలాయన రేకుపెట్టె తెరిచి కత్తి నూరుకుంటున్నాడు. పిల్లలు వరసలో కూర్చున్నారు. ఆ జడల పిల్ల మాత్రం గోడకి ఆనుకుని నిలబడి, "నాకు గొరగొద్దు తాతా. నాకు కంటిన్యుటీ ఉన్నది," అంది.

వేరే ఊళ్ళో అయితే ఆ మాటకి అర్థమేమిటని అడిగి ఉండేవాళ్ళు. ఆయనది యూసుఫ్‌గూడ. లైట్‌బాయ్‌లకీ జూనియర్ ఆర్టిస్టులకీ గడ్డాలు గీసిన చెయ్యి. వెంటనే కత్తి దించేశాడు. "అట్లనా బిడ్డా? మరి ముందుగాల చెప్పొద్దా? సినిమోళ్ళ జుట్టు మనం ముట్టుకోవద్దు," అన్నాడు.

ఒక వారం పాటు మిగతా పిల్లలు దాన్ని వెలేశారు. తర్వాత ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క జుట్టు అదే అన్న సంగతి వాళ్ళకి తట్టింది. ఇక దాని తలకి తీరిక లేకుండా పోయింది. పొద్దున ఒకతి జడలు వేస్తే, మధ్యాహ్నం ఇంకొకతి విప్పి ముడి చుట్టేది, సాయంత్రం మరొకతి మల్లెపూలు గుచ్చేది. వంతుల కోసం తగవులు కూడా పడేవారు. పేలకి కూడా వేరే గతి లేదు కాబట్టి అవన్నీ దాని తలలోనే చేరాయి. నా శాఖ మొత్తం ఆ ఒక్క తలకి కుదించుకుపోయింది.

శనివారాలు మేమిద్దరమే మెట్ల మీద కూర్చునేవాళ్ళం. నేను మెత్తగా దువ్వుతాను. నెప్పి పుట్టిస్తే పిల్లలు మళ్ళీ రారని మొదట్లోనే తెలుసుకున్నాను. ఒకరోజు, "అంత పొడుగు జుట్టు బరువుగా లేదూ, సినిమా పూర్తవగానే తీయించేసుకో," అన్నాను. అది చటుక్కున వెనక్కి తిరిగింది.

"వద్దాంటీ. సినిమా కోసం కాదు. అక్క కోసం."

అప్పుడు చెప్పింది. వాళ్ళది పాలమూరు. అమ్మానాన్నలు ఈ గుట్టల మీద ఇళ్ళు కట్టే కూలిపనికి వచ్చారు. నాన్న గోడకి కట్టిన సారువ కర్రల మీద నుంచి పడి చనిపోయాడు, ఆ ఏడే అమ్మ జ్వరంతో పోయింది. పెద్దపిల్లకి అప్పుడు పదిహేడేళ్ళు. చెల్లెల్ని హాస్టల్లో పెట్టి, కూలీల జట్టుతో బొంబాయి వైపు వెళ్ళిపోయింది.

"పోయే రోజు అక్కనే ఈ జడలేసింది. మళ్ళొచ్చినప్పుడు నాకు గుండుంటె ఎట్ల గుర్తువడ్తది? ఈడ అన్ని గుండ్లే ఉంటె, ఏ గుండు నాదో అక్కకెట్ల ఎరుక?"

"మొహం చూస్తే తెలియదూ?"

"మొఖం మారుతది గదాంటీ. పండ్లు ఊడినయి, కొత్తయి వచ్చినయి. జడలొక్కటే అట్లనే ఉన్నయి."

కర్పూరం నూనె ఇంకాస్త రాశాను.

ఆ ఏడు దసరా వెళ్ళాక ఒకరోజు అన్నం తింటూ మా ఆయన, "మీ హాస్టలు పైన బంగళాలో తీసిన సినిమా అటకెక్కింది. హీరోకీ నిర్మాతకీ చెడిందట," అన్నారు.

"మరి జుట్టో?" అన్నాను.

"ఎవరి జుట్టు?"

విషయం చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "సినిమా ఆగిపోతే నిర్మాత బాధపడటం చూశాను, హీరో బాధపడటం చూశాను. పేలు చూసే మనిషి బాధపడటం ఇదే చూడ్డం," అన్నారు. తర్వాత, "చెప్పకు," అన్నారు. చెప్పే ఉద్దేశం నాకూ లేదు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ట్యాంకరు రాక మూడు రోజులయిందని వార్డెన్ మంచి చిరాకు మీద ఉంది. పిల్ల గోడ దగ్గర తన చోట్లో నిలబడింది. వార్డెన్ నా వైపు తిరిగి, "ఆ సినిమా ఇంక గాలేదా అమ్మా? గింత లేటా?" అని అడిగింది. పిల్ల రెండు చేతులతో రెండు జడలు పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఇంకా పూర్తి కాలేదండీ," అన్నాను.

అబద్ధమేమీ కాదు. అటకెక్కిన సినిమా ఎప్పటికీ పూర్తి కాదు. ఆ లెక్కన దాని కంటిన్యుటీకి ఎదురు లేదు. ముసలాయన తల ఊపి, పక్క పిల్లని పిలిచాడు.

ఆ మరుసటి ఏడు ఏప్రిల్ మొదట్లో, మేమిద్దరం మెట్ల మీద ఉండగా, గేటు తీసుకుని ఒక మనిషి లోపలికి వచ్చింది. నల్లగా, సన్నగా, కొంగు తల నిండా కప్పుకుని ఉంది. మమ్మల్ని చూడగానే సంచీ కింద పడేసి, "చెల్లే!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ ఊపుకి కొంగు జారింది. నున్నటి గుండు. గంధం ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి.

పిల్ల లేచి నా వెనక్కి వచ్చి నా చీర పట్టుకుంది. "ఎవరాంటీ ఈమె?" అంది.

ఆ మాట ఆ అమ్మాయికి వినపడింది. నిలబడిపోయింది. అప్పుడే లోపలి నుంచి వచ్చిన వార్డెన్‌కి చెబుతున్నట్టుగా, తల తడుముకుంటూ, "గుట్టకు పోయి తలనీలాలిచ్చొచ్చిన. చెల్లె పాణంతోని ఉంటె చాలు, జుట్టిస్త అని మొక్కుకుంటి. మొక్కు తీరినంకనే దీని మొఖం చూడాలనుకున్న," అంది. యాదగిరిగుట్ట బస్సు దిగి తిన్నగా వచ్చిందట. ఆమె జడల వంక ఒక్కసారి కూడా చూడలేదు. వాటి అవసరమే ఆమెకి పడలేదు.

పిల్ల నా వెనక నుంచి కదల్లేదు. ఆమె వచ్చి నేను కూర్చున్న మెట్టు మీద కూర్చుంది. చెయ్యి చాచింది. నాకు ఏం చెయ్యాలో తెలియక దువ్వెన ఇచ్చాను. చెల్లెల్ని రెక్క పట్టుకుని కింది మెట్టు మీద కూలేసి, రెండు జడలూ విప్పి, పాయలు తీసి, దువ్వి లాగింది. పిల్ల తల మొత్తం వెనక్కి పోయింది.

"అబ్బ! మెల్లగ గుంజవే అక్కా," అంది పిల్ల. అని, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి ఆ గుండుని రెండు చేతులతో పట్టుకుంది.

నేను రెండేళ్ళు దువ్వినా ఆ పిల్ల ఒక్కసారి అబ్బ అనలేదు. ఆ క్షణాన ఆ అక్క మీద నాకు అసూయ పుట్టింది, ఉన్న మాట చెబుతున్నాను.

ఆమె చెల్లెల్ని తీసుకుపోవడానికి రాలేదు. చూసి పోదామని వచ్చింది. బొంబాయిలో జట్టు కూలీలందరూ ఒకే రేకుల పాకలో ఉంటున్నారట. వేరే గది చూసుకుని వచ్చి తీసుకుపోతానంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. అలా చెప్పి వెళ్ళి రానివాళ్ళని వార్డెన్ చాలామందినే చూసింది. ఆ మాట పైకి అనలేదు గానీ, గేటు వేసేటప్పుడు ఆవిడ మొహంలో కనిపించింది. పిల్ల ఏడవలేదు.

నెలాఖరుకి ముసలాయన వచ్చాడు. సినిమా ఇంకా పూర్తి కాలేదన్న మాట సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇంకా పెట్టె తెరవనే లేదు, అది అందరికంటే ముందు వెళ్ళి ఆయన ముందు చతికిలబడింది.

"గొరుగు తాతా."

"కంటిన్యుటీ ఉన్నదంటివి గద బిడ్డా?"

"ఇప్పుడు అక్కతోని ఉన్నది," అంది. "అక్కకు గుండు, నాకు గుండు. ఇద్దరికి ఒక్కతీర్గ పెరుగుతయి. నా జుట్టు ఏడిదాంక వచ్చిందో చూసుకుంటె, అక్కది ఏడిదాంక వచ్చిందో నాకు ఎరుకైతది."

జడలు రెండూ నేల మీద పడ్డాయి. మిగతా పిల్లలు గొల్లుమన్నారు, వాళ్ళ సొమ్మేదో పోయినట్టు. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో నాకు ఏడుపు రావడం అదే మొదలు. దులుపుకుని ఇంటికి వచ్చాను.

ఆ తర్వాత శనివారాలు దాని తలలో నాకు పనేమీ ఉండేది కాదు. అయినా వచ్చి కింది మెట్టు మీద కూర్చునేది. వేలితో కొలిచి చూపించేది. "చెవుల మీదికొచ్చినయాంటీ," అనేది. అంటే అక్కకి కూడా అన్నమాట.

సంక్రాంతి వెళ్ళాక బంధువుల పెళ్ళికి విజయవాడ వెళ్ళి, నెల ఉండి వచ్చాను. హాస్టలుకి వెళ్తే కింది మెట్టు మీద వేరే పిల్ల కూర్చుని ఉంది. నేను అడిగేలోపే వార్డెన్ ఎదురొచ్చింది.

"అక్క వచ్చి తోల్కపోయిందమ్మ. గది దొరికిందట. ఇద్దరు పక్కపక్కన నిలవడితె చూడాలె, ఇద్దరికి మెడ దాంక వచ్చినయి. ఒక్కతీర్గ."

సినిమా వాళ్ళ మధ్య బతికినదాన్ని. అంత పొందికగా చెబితే నమ్మను. "నిజం చెప్పండి, సమానంగానే ఉన్నాయా?" అని అడిగాను.

ఆవిడ తన మెడ దగ్గర వేళ్ళతో కొలిచి చూసుకుంది.

"అక్కది జరంత పొడుగుండె," అంది. "ముందుగాల జుట్టిచ్చింది ఆమెనే గదమ్మ."