టీచరమ్మ క్లాసులో నోరు విప్పని రోగి

ఆసుపత్రిలో నర్సులకు చదువు చెప్పే టీచరమ్మకు షాక్ పాఠమంటే ప్రాణం. "కరెంటు తగలడం కాదు, చెడ్డ కబురు విని గుండె గుభేలుమనడమూ కాదు. ఒంట్లో రక్తం అందాల్సిన చోటికి అందకపోవడం!" అని మొదలుపెట్టిందంటే ఇక ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు. "ఇంట్లో కుళాయి రావట్లేదనుకోండి. ట్యాంకు ఖాళీ అయిందా? రక్తం కారిపోయినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా అంతే. మోటారు చెడిందా? అది గుండె. దారిలో ఏదైనా అడ్డుపడిందా? అది రక్తం గడ్డ. ఇవేవీ కాకపోతే పైపులే వదులైపోయాయన్నమాట. ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకినా, వెన్నుపాము దెబ్బతిన్నా, పడనిది ఒంట్లోకి పోయినా అదే జరుగుతుంది. ఏది చెడిందో చూసుకుని వైద్యం చెయ్యాలి. మోటారు చెడితే ట్యాంకు నింపుకుంటూ పోయారో, ఇల్లు మునుగుతుంది!"

చెప్పి ఊరుకుంటే పిల్లల బుర్రకెక్కదని ఆవిడ నమ్మకం. రోగిని ముట్టుకుని చూసి, ఏ రకమో వాళ్ళే తేల్చాలి. ఆ రోగి వేషానికి ఇంట్లోనే మనిషి ఉన్నాడు. ఆవిడ భర్త, దర్జీ. కొట్టు మూసుకుని మరీ వచ్చి క్లాసులో నేలమీద పడుకునేవాడు. వేషం కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మొహాన నీళ్ళు చల్లుకుని చెమటలు తెచ్చుకునేవాడు, ఐసుముక్కల్లో చేతులు ముంచి చల్లబరుచుకునేవాడు. ఒక్కటే షరతు, రోగి నోరు విప్పకూడదు. ఇంట్లో ఎలాగూ అలవాటే కనక దర్జీకి అదేమంత కష్టమనిపించలేదు.

ఆ రోజు ఆయనది రక్తం పోయిన వేషం. పాలిపోయి నీరసంగా పడుకోవాలి. కిటికీలోంచి వచ్చిన కందిరీగ ఒకటి ఆయన చొక్కాలో దూరింది. దర్జీ ఉలిక్కిపడి చెయ్యెత్తాడు.

"ఏమండీ, రక్తమంతా పోయినవాడికి అంత ఓపికెక్కడిది? దించండి చెయ్యి!"

దించాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. కాసేపటికి ఆయన మెడా మొహమూ కందిపోయి దద్దుర్లు లేచాయి. టీచరమ్మకు తిక్కరేగింది.

"పాలిపోవాల్సిన మనిషి ఎర్రబడతారేమిటి? ఇది ఇవాళ్టి పాఠం కాదని చిలక్కి చెప్పినట్టు చెప్పానా! ఇలా కలగాపులగం చేస్తే పిల్లలేం నేర్చుకుంటారు?"

అంతలో ఆయనకు ఆయాసం వచ్చింది, అదీ నటనే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయన పెదవులు ఉబ్బడం టీచరమ్మ కంటబడింది. చెమట తెచ్చిపెట్టుకోవచ్చు కానీ పెదవులు ఉబ్బించుకోవడం ఎంత నటుడి వల్లా కాదు. గభాలున మణికట్టు పట్టుకుంది. నాడి దారప్పోగులా సన్నగా పరుగెడుతోంది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

"నటన కాదర్రా, నిజం! ఏదో కుట్టింది! అడ్రినలిన్ తెండి!"

తొడకు బయటివైపు తనే సూది గుచ్చింది. కాళ్ళు ఎత్తి పెట్టించింది. ఒకమ్మాయి ఆక్సిజన్ పెట్టింది, ఇంకొకమ్మాయి సెలైను ఎక్కించింది, మరొకమ్మాయి డాక్టరు కోసం పరుగెత్తింది. వదులైన పైపులు బిగియాలి, నిండాలి. ఆవిడకు నిద్రలో లేపి అడిగినా వచ్చే పాఠమే. అయినా ఈ మనిషి లేని ఇంటికి ఎలా వెళ్ళడమా అనుకుంది.

డాక్టరు వచ్చి ఇంకో సూది వేయించాడు. మెల్లగా నాడి నిలదొక్కుకుంది. ఆయన్ని వార్డులో మంచం మీదికి చేర్చాక టీచరమ్మ విరుచుకుపడింది.

"ఏదో కుట్టిందని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నోరు విప్పొద్దన్నావుగా."

"ప్రాణం పోతున్నా విప్పరా?"

"పిల్లలముందు నీ పాఠం పాడవుతుందనీ..." అన్నాడు దర్జీ, ఉబ్బిన పెదవులతో.

ఆవిడకు కోపమూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నాడి చూసే మిషతో మళ్ళీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీ చెయ్యేమిటే, ఇలా వణుకుతోంది?"

"భయమేసిందండీ," అంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఆయనతో అనడం అదే మొదలు.

దర్జీ సెలైను ఎక్కుతున్న చెయ్యి తెచ్చి ఆవిడ చేతిమీద వేశాడు. సూది ఉన్న చెయ్యి కదిపితే వార్డులో ఎవరినైనా కసిరేసే టీచరమ్మ, ఏమీ అనకుండా అలాగే కూర్చుంది.